ఫ్రెంచ్ డిఫెన్స్‌కి నమ్మదగ్గ పుస్తకం ఎంచుకోవడం ఎలా?

ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరుస్తారు కదా, అక్కడ నాకోసారి ఫ్రెంచ్ డిఫెన్స్ (చదరంగంలో తెలుపు ఈ4కి నలుపు ఈ6తో జవాబిచ్చే ఓపెనింగ్) మీద ఒక లావుపాటి పుస్తకం దొరికింది. బేరమాడితే 150 రూపాయలకి ఇచ్చాడు. సంబరంగా ఇంటికి తెచ్చుకుని, అందులో సగానికి పైగా ఉన్న వినావర్ వేరియేషన్‌ని (మూడో ఎత్తుకి నలుపు బిషప్ బీ4కి వచ్చే శాఖ) రెండు నెలలు బట్టీ పట్టాను. తర్వాతి వీకెండ్ టోర్నమెంట్‌లో ఈ4కి ఎదురుగా నాలుగుసార్లు నల్లపావులు వచ్చాయి. ఇద్దరు మూడో ఎత్తుకే బంట్లు మార్చేసుకుని ఎక్స్ఛేంజ్‌లోకి వెళ్లిపోయారు. ఒకాయన రెండో ఎత్తుకి డీ3 ఆడాడు. నాలుగో రౌండ్లో పదకొండేళ్ల కుర్రాడు బంటుని ఈ5కి తోశాడు, పదో ఎత్తు లోపలే నా మంత్రి ఎగిరిపోయింది. వినావర్ ఒక్కళ్లూ ఆడలేదు.

పుస్తకంలో తప్పేం లేదు. కొనేముందు నేను చూడాల్సినవి చూడలేదు, అంతే. అప్పటినుంచి ఓపెనింగ్ పుస్తకం ఏది చేతికొచ్చినా మొదటి పేజీ తెరవను. నేను ఎక్కడ ఓడిపోతున్నానో ఆ పొజిషన్ వెతికి, అక్కడ ఈ రచయిత ఏమంటున్నాడో చూస్తాను. కింద చెప్పే పద్ధతంతా దాని చుట్టూ అల్లుకున్నదే. ఉదాహరణలన్నీ ఫ్రెంచ్‌వి. మీరు సిసిలియన్ ఆడినా, కారో-కాన్ ఆడినా ఇవే పనులు చేయొచ్చు.

ఫ్రెంచే ఎందుకంటే, ఈమధ్య దాని గురించి అడిగేవాళ్లు ఎక్కువయ్యారు. 2024 చివర్లో సింగపూర్‌లో జరిగిన ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో మన తెలుగింటి కుర్రాడు గుకేశ్ ఈ4తో మొదలుపెట్టిన గేములు మూడు: 1, 5, 13. మూడింట్లోనూ అప్పటి ఛాంపియన్ డింగ్ లిరెన్ ఫ్రెంచే ఆడాడు. మొదటిది నల్లపావులతో గెలిచాడు కూడా. మిగతా రెండూ డ్రా. చివరికి టైటిల్ గుకేశ్‌దే అయినా, 'ఫ్రెంచ్ పాతబడిపోయింది' అనే మాట మాత్రం కాస్త తగ్గింది.

ఎత్తుల్ని తెలుగు అక్షరాల్లోనే రాస్తున్నాను. ఈ4, ఈ6, డీ4, డీ5 అంటే గళ్ల పేర్లే. పక్కన బోర్డు పెట్టుకుని చదివితే తేలిగ్గా ఉంటుంది.

ముందు మీ గేములు బయటికి తీయండి

పుస్తకాల సైట్ తెరవకముందే చేయాల్సిన పని ఇది. మీరు నల్లపావులతో ఆడి, అవతలివాళ్లు ఈ4 వేసిన చివరి ముప్పై గేములు తీయండి. ఆన్‌లైన్‌లో ఆడినవైతే లీచెస్ (ఉచిత చెస్ సైట్) నుంచి డౌన్‌లోడ్ అవుతాయి. టోర్నమెంట్ గేములైతే స్కోర్‌షీట్లు ఉంటాయి. ఒక నోట్‌బుక్‌లో ఒక్కో గేముకి ఒక్కో లైను రాయండి: తెలుపు మూడో ఎత్తు ఏమిటి, మీకు తెలిసిన ఎత్తులు ఎంతవరకు సాగాయి, సొంతంగా ఆలోచించడం ఎక్కడ మొదలైంది, ఫలితం ఏమిటి. ఒక సాయంత్రం పని.

రాశాక ఆ పేజీ ఒకసారి చూడండి. చాలామందికి ఇక్కడే ఆశ్చర్యం వేస్తుంది. కోచింగ్‌లో వారాల తరబడి నేర్చుకున్న లైను ముప్పైలో రెండుసార్లు వచ్చి ఉంటుంది, అసలు చూడని లైను పదిసార్లు. లీచెస్ ఓపెనింగ్ ఎక్స్‌ప్లోరర్‌లో ఇంకో సౌకర్యం ఉంది. అక్కడ మాస్టర్ల గేముల డేటాబేస్‌తోపాటు మామూలు ఆటగాళ్లది కూడా ఉంది, దాన్ని రేటింగ్ వారీగా, టైమ్ కంట్రోల్ వారీగా వడకట్టొచ్చు. మీ స్థాయిలో ఈ4, ఈ6, డీ4, డీ5 తర్వాత తెలుపు ఏం ఆడుతోందో అది చూపిస్తుంది. మీ నోట్‌బుక్‌తో పోల్చుకోండి.

ముప్పై గేములు లేవా? అయితే పుస్తకం ఇప్పుడే కొనకండి. డీ4 బంటు మీదికి సీ5తో పోవాలి, ఈ6 బంటు వెనక ఇరుక్కున్న సీ8 బిషప్‌కి దారి వెతకాలి, తెలుపు బంటు ఈ5లో కూర్చుంటే ఎఫ్6తో దాన్ని కదిలించే సమయం చూసుకోవాలి. ఈ మూడు మాటలతో వెళ్లి ముందు ముప్పై గేములు ఆడండి. ఓడిపోతే పోయారు, నోట్‌బుక్ నిండుతుంది. పన్నెండొందల రేటింగ్ లోపు ఆడే పిల్లలకి నాలుగు వందల పేజీల రిపర్టరీ పుస్తకం కొనిపెట్టే తల్లిదండ్రులకీ నేను చెప్పేది ఇదే. ఆ డబ్బుతో రెండు టోర్నమెంట్లకి ఎంట్రీ ఫీజు కట్టండి.

పేరు చూసి మోసపోకుండా కోడ్ చూడండి

'ఫ్రెంచ్ డిఫెన్స్' అని అట్ట మీద ఉన్నంత మాత్రాన లోపల ఫ్రెంచ్ అంతా ఉండదు. కొన్ని ఒక్క వేరియేషన్ మీదే ఉంటాయి. కొన్ని తెలుపు వైపు నుంచి, ఫ్రెంచ్‌ని ఎలా ఓడించాలో చెప్పేవి. తొందరలో ఆర్డర్ పెట్టి, పార్సెల్ విప్పాక నెత్తి పట్టుకున్నవాళ్లు నాకు తెలుసు.

బెల్‌గ్రేడ్‌కి చెందిన చెస్ ఇన్ఫార్మెంట్ వాళ్లు ఓపెనింగ్స్‌కి ఇచ్చిన కోడ్లు ఇక్కడ బాగా పనికొస్తాయి. ఫ్రెంచ్ మొత్తం సీ00 నుంచి సీ19 వరకు. సీ00లో రెండో ఎత్తుకి డీ4 కాకుండా వేరేవి ఆడే లైన్లు, సీ01 ఎక్స్ఛేంజ్, సీ02 అడ్వాన్స్, అంటే మూడో ఎత్తుకి బంటుని ఈ5కి తోసేది. సీ03 నుంచి సీ09 దాకా టారాష్, అంటే మూడో ఎత్తుకి గుర్రం డీ2కి వచ్చేది. సీ10లో రూబిన్‌స్టైన్ లాంటివి, సీ11 నుంచి సీ14 క్లాసికల్, సీ15 నుంచి సీ19 వినావర్. మీ నోట్‌బుక్‌లో ఒక్కో గేము పక్కన ఈ కోడ్ వేసుకుని, పుస్తకం విషయసూచిక దాని పక్కన పెట్టండి. ఏ కోడ్‌కి ఎన్ని పేజీలు ఇచ్చారో లెక్కపెడితే చాలు, ఆ పుస్తకం మీకోసం రాసిందో కాదో సగం తేలిపోతుంది.

ఇంకో సంగతి. రిపర్టరీ పుస్తకం అంటే మీ బదులు రచయిత ఎంపికలు చేసేసిన పుస్తకం. టారాష్‌కి ఎదురు సీ5 ఆడాలా, గుర్రం ఎఫ్6 ఆడాలా, బిషప్ ఈ7 ఆడాలా అన్నది ఆయనే తేల్చేస్తాడు. ఆ ఎంపిక మీ ఆటకి సరిపడకపోతే ఎంత గొప్ప పుస్తకమైనా మీకు బరువే. సీ5 ఆడి, డీ5 మీద మార్పిడి జరిగినప్పుడు ఈ6 బంటుతోనే తిరిగి కొట్టే లైను తీసుకోండి. డీ5లో ఒంటరి బంటు మిగులుతుంది. 1974లో మాస్కోలో కార్పోవ్‌తో ఆడిన క్యాండిడేట్స్ ఫైనల్లో కోర్చ్‌నోయ్ దాన్నే పదేపదే ఆడాడు, కార్పోవ్ అందులో ఒక్క గేమూ గెలవలేకపోయాడు. కాబట్టి లైను గట్టిదే. కానీ ఒంటరి బంటుని కాపాడుకుంటూ కూర్చోవడం మీకు చిరాకు అనుకోండి, ఆ పుస్తకం పక్కన పెట్టేయండి.

పరీక్ష పొజిషన్లు తయారుచేసుకోండి

అసలు పని ఇది. కొనేముందు ప్రతి పుస్తకానికీ పెట్టే చిన్న పరీక్ష అనుకోండి. నాలుగైదు పొజిషన్లు చాలు. నావి చెబుతాను, మీ నోట్‌బుక్ నుంచి ఒకటో రెండో కలుపుకోండి.

మొదటిది, ఆ పదకొండేళ్ల కుర్రాడు నాకు నేర్పిన పాఠం. అడ్వాన్స్‌లో తెలుపు ఈ5, నలుపు సీ5, తెలుపు సీ3, నలుపు గుర్రం సీ6, తెలుపు గుర్రం ఎఫ్3, నలుపు మంత్రి బీ6. ఇప్పుడు తెలుపు బిషప్‌ని డీ3కి తెచ్చింది. ఇదే మిల్నర్-బ్యారీ గ్యాంబిట్ (గ్యాంబిట్ అంటే బంటుని ఎర వేసి దాడికి దిగడం). నలుపు సీ5 బంటుతో డీ4 కొట్టింది, తెలుపు సీ3 బంటుతో తిరిగి కొట్టింది. డీ4లో బంటు ఊరికే ఉన్నట్టే కనిపిస్తుంది. గుర్రంతో కొట్టారనుకోండి, తెలుపు గుర్రంతో కొడుతుంది, మీరు మంత్రితో తిరిగి కొడతారు. వెంటనే తెలుపు బిషప్ బీ5కి వచ్చి చెక్ ఇస్తుంది, వెనక డీ1 నుంచి తెలుపు మంత్రి మీ మంత్రిని చూస్తూ ఉంటుంది. గేమ్ అయిపోయింది. అందుకే ముందు బిషప్‌ని డీ7కి తెచ్చి ఆ చెక్ దారి మూసి, ఆ తర్వాతే బంటు సంగతి చూడాలి.

ఈ వల గురించి పుస్తకం ఒక్క వాక్యమైనా చెప్పాలి. 'బిషప్ డీ7' అని ఎత్తు మాత్రం వేసి ముందుకు వెళ్లిపోయిందంటే ఆ పుస్తకం మీకన్నా చాలా పైస్థాయి వాళ్లకి రాసిందని అర్థం. చెప్పి ఊరుకోకుండా, ఆ తర్వాత బంటు తినాలా వద్దా, తింటే తెలుపుకి ఎలాంటి దాడి వస్తుంది అని రెండు పేజీలు రాసిందా, దానికి నా దగ్గర మంచి మార్కులు. (ఈ గ్యాంబిట్‌కి పేరిచ్చిన మిల్నర్-బ్యారీ రెండో ప్రపంచయుద్ధంలో బ్లెచ్‌లీ పార్క్‌లో జర్మన్ల రహస్య సంకేతాలు ఛేదించిన బృందంలో పెద్ద తలకాయ. అలాంటి మనిషి వేసిన వలలో పడ్డానని నాకు నేను సర్దిచెప్పుకున్నాను.)

రెండోది ఎక్స్ఛేంజ్. రెండువైపులా అద్దంలో బొమ్మల్లా ఒకేలా ఉండే పొజిషన్. చాలా పుస్తకాలు 'సమానం, నలుపుకి ఏ ఇబ్బందీ లేదు' అని అర పేజీలో తేల్చేస్తాయి. అది నిజమే, కానీ మీకు కావలసింది అది కాదు. మీకన్నా రెండొందల రేటింగ్ తక్కువున్నవాడు డ్రా కోసం ఎక్స్ఛేంజ్ ఆడితే గెలవడానికి ఏం చేయాలన్నది మీ ప్రశ్న. గుర్రాన్ని ఎఫ్6కి బదులు ఈ7కి తేవడం, మంత్రివైపు క్యాస్లింగ్ చేయడం, బిషప్‌ని జీ4కి పంపి ఒత్తిడి పెట్టడం, ఇలా అద్దం పగలగొట్టే మార్గాలు చూపించిందా లేదా చూడండి. ప్రపంచ ఛాంపియన్‌షిప్ ఐదో గేములో గుకేశే ఎక్స్ఛేంజ్ ఆడాడు. కాబట్టి 'ఇది చేతకానివాళ్లు ఆడేది' అని తీసిపారేసే రచయితని నమ్మకండి.

మూడోది, తెలుపు రెండో ఎత్తుకి డీ3గానీ మంత్రి ఈ2గానీ ఆడేవి. పుస్తకం చివర్లో 'ఇతర ఎత్తులు' అనే అధ్యాయంలో ఉండాలి. లేదంటే ఆ పుస్తకంతో మీ రిపర్టరీ పూర్తి కాదు, ఇంకోటి కొనాల్సిందే.

నాలుగోది వినావర్ ఆడేవాళ్లకి మాత్రమే. మూడో ఎత్తుకి గుర్రం సీ3, నలుపు బిషప్ బీ4, తెలుపు ఈ5, నలుపు సీ5, తెలుపు ఏ3, బిషప్ సీ3లో గుర్రాన్ని చెక్‌తో కొట్టింది, తెలుపు బీ2 బంటుతో తిరిగి కొట్టింది, నలుపు గుర్రం ఈ7. ఏడో ఎత్తుకి తెలుపు మంత్రి జీ4కి వచ్చి జీ7 బంటు మీద కన్నేసింది. నలుపుకి ముఖ్యంగా రెండు దారులు: క్యాస్లింగ్, లేదా మంత్రిని సీ7కి తెచ్చి జీ7, హెచ్7 బంట్లు వదిలేసి మధ్యలో పేలుడు వెతకడం. క్యాస్లింగ్ దారి చెప్పే పుస్తకమైతే దానికి జవాబుగా తెలుపు ఎనిమిదో ఎత్తు బిషప్ డీ3 మీద ఎన్ని పేజీలున్నాయో చూడండి. నలుపుని నిజంగా ఇబ్బంది పెట్టేది అదే. దాన్ని ఫుట్‌నోట్‌లోకి నెట్టి, తేలిక జవాబుల మీద పేజీలు నింపిన రచయిత మీ దగ్గర ఏదో దాస్తున్నట్టే. రెండో దారి చెప్పే పుస్తకమైతే, తెలుపు రెండు బంట్లూ తిని, గుర్రాన్ని ఈ2కి తెచ్చి, ఎఫ్4 ఆడాక ఏం జరుగుతుందో పూర్తిగా ఉండాలి.

ఈ పొజిషన్లు ఎక్కడ చూడాలి, పుస్తకం చేతిలో లేదు కదా అంటారా? క్వాలిటీ చెస్, న్యూ ఇన్ చెస్ లాంటి ప్రచురణకర్తలు కొత్త పుస్తకాలకి విషయసూచిక, ముందుమాట, కొన్ని పేజీలు కలిపి పీడీఎఫ్ శాంపిల్‌గా తమ సైట్లలో ఉచితంగా పెడతారు. శాంపిల్లో మీ పొజిషన్ లేకపోయినా విషయసూచిక, చివరి వేరియేషన్ ఇండెక్స్ చూస్తే ఎక్కడ ఎంత ఉందో తెలుస్తుంది. క్లబ్‌లో ఎవరి దగ్గరైనా ఆ పుస్తకం ఉంటే పది నిమిషాలు అడిగి తీసుకోండి. పరీక్ష పొజిషన్లు ముందే రాసిపెట్టుకుంటే పది నిమిషాలు ధారాళంగా సరిపోతాయి.

ఏ ఏడాదిదో చూడండి, కానీ దానికే లొంగిపోకండి

ఓపెనింగ్ పుస్తకాలకి వయసు ఉంటుంది. 2020 సెప్టెంబర్‌లో స్టాక్‌ఫిష్ 12 అనే చెస్ ఇంజిన్ (ఎత్తులు లెక్కగట్టే ప్రోగ్రామ్) వచ్చింది, న్యూరల్ నెట్‌వర్క్‌తో. అప్పటినుంచి ఎవరింట్లోని లాప్‌టాప్ అయినా పాత పుస్తకాల్లోని 'అస్పష్టం' అన్న పొజిషన్లకి నిమిషాల్లో తీర్పు చెబుతోంది. కాబట్టి 2020కి ముందు పుస్తకంలో పదునైన లైన్ల మీద ఇచ్చిన తీర్పుల్ని ఒకసారి సరిచూసుకోకుండా టోర్నమెంట్లో ఆడకండి.

జాన్ వాట్సన్ రాసిన 'ప్లే ది ఫ్రెంచ్' దీనికి మంచి ఉదాహరణ. 1984, 1996, 2003, 2012, ఇలా నాలుగు ఎడిషన్లు వచ్చాయి. ఒకే రచయిత, ఒకే ఓపెనింగ్, అయినా కొత్త గేములు వచ్చినకొద్దీ తిరగరాయాల్సి వచ్చింది. పాత పుస్తకాల షాపులో ఇది కనిపిస్తే అట్ట కాదు, లోపలి పేజీలో ఎడిషన్ చూసి కొనండి. వాట్సన్ గ్రాండ్‌మాస్టర్ కాదు, ఇంటర్నేషనల్ మాస్టర్. అయినా ఫ్రెంచ్ ఆడేవాళ్లు దశాబ్దాలుగా ఆయన పుస్తకాన్నే పట్టుకుని తిరిగారు. పేరు ముందు టైటిల్ ఎంత పెద్దదో అన్నది చివర చూడాల్సిన విషయం అని నేననేది అందుకే.

పాతదంతా చెత్త అని కాదు. బంట్ల గొలుసు ఎలా పనిచేస్తుంది, సీ8 బిషప్‌ని డీ7, బీ5 దారిలో ఎప్పుడు మార్చుకోవాలి, ఎండ్‌గేమ్‌లో ఎవరికి లాభం లాంటి వివరణ ముప్పై ఏళ్ల తర్వాత కూడా పనిచేస్తుంది. నా ఆబిడ్స్ పుస్తకంలో లైన్లన్నీ ఇప్పుడు దండగే, కానీ బంట్ల నిర్మాణం మీద మొదటి అధ్యాయం ఇప్పటికీ పిల్లలకి చదివి వినిపిస్తాను.

మరీ పాత ఇంగ్లిష్ పుస్తకాలతో ఒక చిక్కు ఉంది. వాటిలో ఈ4 అని ఉండదు, పీ-కే4 అని ఉంటుంది. అంటే బంటు, రాజు వరసలో నాలుగో గడి. ఎవరి వైపు నుంచి వాళ్లు గళ్లు లెక్కపెట్టే పద్ధతి కాబట్టి ఫ్రెంచ్ మొదటి రెండు ఎత్తులు పీ-కే4, పీ-కే3 అవుతాయి. అంతర్జాతీయ చెస్ సమాఖ్య ఫిడే ఈ పద్ధతిని 1981 తర్వాత గుర్తించడం మానేసింది. ఆబిడ్స్‌లోగానీ విజయవాడ లెనిన్ సెంటర్‌లోగానీ పాత చెస్ పుస్తకం చేతికొస్తే ముందు మధ్య పేజీ తెరిచి ఇది చూసుకోండి. నేర్చుకోవడం కష్టం కాదు, కానీ ఓపెనింగ్ కోసమైతే ఆ శ్రమకి తగ్గ ఫలం లేదు.

పేజీలో మాటలెన్ని, ఎత్తులెన్ని

శాంపిల్ పేజీ ఒకటి చూస్తూ ఆగండి. పేజీ నిండా ఎత్తులు, బ్రాకెట్లు, వాటిలో ఇంకో బ్రాకెట్లు, మాట ఒక్కటీ లేదు. అది రిఫరెన్స్ పుస్తకం. ఆడిన గేము తర్వాత 'ఎక్కడ దారి తప్పాను' అని వెతుక్కోవడానికి మంచిది, చదువుకోవడానికి కాదు. మాటలు మరీ ఎక్కువై, పేజీకి మూడు ఎత్తులే ఉంటే అది కథల పుస్తకం. మనకి కావలసింది మధ్యలోది: ముఖ్యమైన ఎత్తు దగ్గర ఆగి, 'ఇక్కడ సహజంగా అనిపించే ఎత్తు ఇది, దీనికి ఇదీ సమస్య' అని చెప్పేది.

ఇంకో చిన్న పరీక్ష చెప్తాను, నాకు ఇదెప్పుడూ తప్పలేదు. పుస్తకంలో పూర్తి గేములు ఇచ్చి ఉంటే ఫలితాలు లెక్కపెట్టండి. ఫ్రెంచ్ వైపు రాసిన పుస్తకంలో ఇరవై గేములుంటే ఇరవైలోనూ నలుపే గెలిచిందా? అయితే అది ప్రచారం. నలుపు ఓడిన గేములు కూడా పెట్టి, ఎక్కడ పొరపాటు జరిగిందో, అక్కడ ఏం ఆడాల్సిందో చెప్పిన రచయితని నమ్మొచ్చు. వెనక ఇచ్చిన పుస్తకాల పట్టికలో తనకి ముందు వచ్చిన పుస్తకాలున్నాయా, లోపల ఎక్కడైనా వాటితో విభేదించాడా అన్నది కూడా చూడండి.

రచయిత స్వయంగా ఆ లైన్ ఆడతాడా? ఏ డేటాబేస్‌లోనైనా ఆయన పేరు కొడితే తెలుస్తుంది. 1994 నుంచి మార్క్ క్రౌథర్ నడుపుతున్న 'ద వీక్ ఇన్ చెస్'లో ప్రతి వారం టోర్నమెంట్ గేములు ఉచితంగా దొరుకుతాయి. పుస్తకం వచ్చాక ఆయన ఆ లైను మానేశాడనుకోండి, కారణం ఏదైనా కావచ్చు, కానీ ఆయన చివరిగా ఓడిన గేము ఒకసారి తిరగేయడం మంచిది.

ఎదుటివాళ్ల పుస్తకం కూడా చూడండి

ఫ్రెంచ్ నేర్చుకునేవాళ్లు ఎక్కువగా చేయని పని ఇది, నా మటుకు ఇదే అన్నిటికన్నా లాభం. ఫ్రెంచ్‌ని ఓడించడానికి రాసిన పుస్తకాలు చూడండి. మనవాళ్లవే రెండున్నాయి. పరిమార్జన్ నేగి 2014లో క్వాలిటీ చెస్‌కి ఈ4 మీద రాసిన సంపుటాల్లో ఒకదాంట్లో ఫ్రెంచ్, కారో-కాన్, ఫిలిడోర్ ఉన్నాయి. మన గుంటూరు గ్రాండ్‌మాస్టర్ పెంటేల హరికృష్ణ, 2004 ప్రపంచ జూనియర్ ఛాంపియన్, 2021లో థింకర్స్ పబ్లిషింగ్‌కి మూడో ఎత్తు గుర్రం సీ3తో ఫ్రెంచ్‌ని ఎలా ఎదుర్కోవాలో ఒక పుస్తకమే రాశారు.

తెలుపు వైపు నుంచి రాసినవాళ్లు 'ఇక్కడ నలుపు ఇలా ఆడితే మాకు ఇబ్బందే' అని నిజాయితీగా ఒప్పుకునే చోట్లు ఉంటాయి. ఆ ఎత్తు మీ పుస్తకంలో ఉందా? తెలుపు పుస్తకం ముఖ్యంగా సూచించే లైను మీ పుస్తకంలో కనీసం ప్రస్తావనకైనా వచ్చిందా? తెలుపు పుస్తకం మీదానికన్నా తర్వాత వచ్చిందైతే ఈ పోలిక మరీ అవసరం. రెండూ కొనక్కర్లేదు, శాంపిల్ పేజీలు, విషయసూచికలే చాలా చెబుతాయి. హరికృష్ణలాంటి వాళ్ల గేములు డేటాబేస్‌లో ఎలాగూ ఉన్నాయి.

ఇంజిన్‌తో సరిచూడటం

పుస్తకమంతా ఇంజిన్‌లో పెట్టి చూడాలంటే జీవితం చాలదు. పరీక్ష పొజిషన్లు మాత్రం చూడండి. లీచెస్ అనాలిసిస్ బోర్డులో రచయిత ఇచ్చిన లైను చివరి ఎత్తు దాకా ఆడి, స్టాక్‌ఫిష్‌ని రెండు మూడు నిమిషాలు వదిలేయండి. తెలుపుకి +0.3, +0.5 (అంకె బంట్ల లెక్కలో, ప్లస్ అంటే తెలుపుకి మొగ్గు) చూపిస్తే టెన్షన్ పడకండి. ఫ్రెంచ్‌లో స్థలం తెలుపుకే ఎక్కువ, ఇంజిన్‌కి అది నచ్చుతుంది. బంట్లతో మూసుకుపోయిన పొజిషన్లలో మొదట ఎక్కువ చూపించి తర్వాత తగ్గించడం కూడా మామూలే, అందుకే కాసేపు ఆగమంటున్నాను. రచయిత 'నలుపుకి బాగుంది' అన్న చోట ఇంజిన్ +1.0 దాటిందంటే మాత్రం అక్కడ పెన్సిల్‌తో గీత గీయండి. ఒకటి రెండు గీతలైతే సరే. ఐదు పొజిషన్లలో మూడింటికి గీతలు పడితే ఆ పుస్తకం వద్దు.

దీనికి రెండో వైపు కూడా ఉంది. ఇంజిన్ 0.00 అంటుంది, కానీ అక్కడికి చేరాలంటే నలుపు వరసగా ఐదు ఏకైక ఎత్తులు కనిపెట్టాలి. అలాంటి లైన్ ఇచ్చిన పుస్తకం నిజమే చెప్పింది, కానీ గంటన్నర గేములో గడియారం టిక్కుటిక్కుమంటుంటే ఆ ఐదూ మీకు గుర్తొస్తాయా?

కొనడం

విదేశీ ప్రచురణలు మన దగ్గరికి వచ్చేసరికి ఒక్కో పుస్తకం రెండు వేల పైమాటే. అందుకని ఒక్కటే కొనండి, రిపర్టరీ పుస్తకం. ప్లాన్ల కోసం పుస్తకం కొనాల్సిన పని లేదు. తూర్పు జర్మనీ గ్రాండ్‌మాస్టర్ వోల్ఫ్‌గాంగ్ ఉల్మాన్ జీవితమంతా ఫ్రెంచ్ ఆడాడు. ఆయన గేములు ఏ డేటాబేస్‌లోనైనా ఉచితం. వారానికి రెండు ఆడుకుంటూ చూస్తే ఎఫ్6 ఎప్పుడు తోయాలో చేతికి అలవాటవుతుంది.

ఫార్వర్డ్ చెస్ యాప్‌లో కొంటే పుస్తకంలోనే బోర్డు కదులుతుంది. బస్సులో చదివేవాళ్లకి సౌకర్యం. చెస్సబుల్ అనే సైట్‌లో చెస్ కోర్సులకి 'షార్ట్ అండ్ స్వీట్' అని ఉచిత చిన్న రూపాలు ఉంటాయి. డబ్బు పెట్టేముందు అది చేసి చూడండి. టెలిగ్రామ్‌లో తిరిగే స్కాన్ పీడీఎఫ్‌లు మాత్రం వద్దు. అది దొంగతనం అన్నది ఒకటి, స్కాన్లలో సీ6 కాస్తా సీ8గా, ఎఫ్3 కాస్తా ఎఫ్8గా మారిపోయిన పేజీలు నేను చూశాను అన్నది రెండోది. తప్పు ఎత్తు బట్టీ పడితే పుస్తకం లేకపోవడం కన్నా ప్రమాదం.

వచ్చాక మొదటి పక్షం

మొదటి పేజీ నుంచి చదవకండి. మీ నోట్‌బుక్‌లో అన్నిటికన్నా ఎక్కువసార్లు వచ్చిన కోడ్ తెరవండి. ఆ అధ్యాయం బోర్డు మీద, రెండు చేతులతో పావులు కదుపుతూ చదవండి. లీచెస్‌లో ప్రైవేట్ స్టడీ ఒకటి తెరిచి, ముఖ్యమైన లైన్లు మాత్రం పన్నెండో ఎత్తు దాకా ఎక్కించండి. ప్రతి లైను చివర మీ సొంత మాటల్లో ఒక వాక్యం రాయండి, 'ఇక్కడ రూక్ సీ ఫైల్‌కి, గుర్రం సీ4కి' అన్నట్టు. ఆ వాక్యం రాయలేకపోతే లైను అర్థం కానట్టే, మళ్లీ చదవాలి.

తర్వాత పదిహేను నిమిషాల గేములు పది ఆడండి. ప్రతి గేము తర్వాత పుస్తకం తెరిచి, మీరిద్దరిలో ముందు దారి తప్పింది ఎవరో చూడండి. మీరు తప్పితే స్టడీలో గుర్తు పెట్టండి. అవతలివాడు పుస్తకంలో లేని ఎత్తు వేస్తే, పుస్తకం మార్జిన్‌లో పెన్సిల్‌తో ఆ ఎత్తు, తేదీ రాయండి. పది గేముల్లో ఒకే ఎత్తు మూడుసార్లు మార్జిన్‌లో చేరిందంటే అక్కడ పుస్తకంలో చిల్లు ఉందన్నమాట. ఆ చిల్లుని ఎక్స్‌ప్లోరర్‌తోనో, మాస్టర్ల గేములతోనో మీరే పూడ్చుకుని, ఆ కాగితం మడిచి అదే పేజీలో పెట్టేయండి.